రాణిగారి అంగీ మీద తెల్ల మరక

"చెప్పిందే ఎన్నిసార్లు చెప్పమంటారు మేడమ్? పొద్దున్నే వచ్చాను. శవాన్ని చూశాను. గుండె జారిపోయింది. పోలీసులకి ఫోన్ చేశాను. ఉన్నవి నాలుగే ముక్కలు. ఐదో ముక్క ఎక్కణ్ణుంచి పుట్టించమంటారు?"

ఫోటోగ్రాఫర్ విసురుగా అనేసి కెమెరా అద్దం తుడవడంలో పడ్డాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

కొండమీది పాత కోటని చూడ్డానికి వచ్చేవాళ్ళకి రాజు వేషం, రాణి వేషం వేసి, చెక్క సింహాసనం మీద కూర్చోబెట్టి ఫోటోలు తియ్యడం అతని బతుకుతెరువు. అందుకే ఊరంతా అతన్ని 'రాజావారు' అంటుంది. నాలుగు రోజుల కిందట కోటగోడ కింద గైడు శవాన్ని మొదట చూసింది అతనే. గైడు తాగి, బురుజు అంచున నిలబడి, తూలి పడ్డాడని పోలీసులు రాసేసుకున్నారు. గైడు అక్క మాత్రం ఆ మాట నమ్మలేదు. కొండ కింద చిన్న లాడ్జి నడుపుకునే మనిషి ఆవిడ. పట్నంలో వాకబు చేసి ఈ డిటెక్టివ్‌ని పిలిపించుకుంది.

డిటెక్టివ్‌కి యాభై దాటాయి. నెరిసిన జుట్టుకి రంగు వేసుకోదు, ఎదుటివాళ్ళ మాటకి ఊకొట్టదు. ఆ ఊకొట్టకపోవడమే చాలామందిని భయపెడుతుంది. ఆమె ఫోటోగ్రాఫర్‌ని వదిలేసి సింహాసనం వంక చూసింది.

"రాజుగారి అంగీ ఇక్కడుంది. రాణిగారిదేది?"

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఉతకడానికి వేశాను."

"సీజన్ మధ్యలోనా? ఇందాకటి నుంచి చూస్తున్నాను. వచ్చిన ఆడవాళ్ళందరికీ ఒట్టి కిరీటం పెట్టి తీస్తున్నారు. ఒకావిడ మీతో పోట్లాడింది కూడా."

రాజావారు చుట్టూ చూశాడు. కోట వాకిట్లో ఎవరూ లేరు. గొణుక్కుంటూ రేకు పెట్టె తెరిచి, అడుగున కుక్కిన ఎర్ర మఖమల్ అంగీ బయటికి లాగాడు.

"వాడి మీద కప్పాను మేడమ్. కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పదేళ్ళు కలిసి టీ తాగినవాణ్ణి అలా వదిలెయ్యలేకపోయాను. పోలీసులొచ్చేముందు తీసేశాను, లేకపోతే దీన్ని కూడా పట్టుకుపోతారని. చూడండి దీని గతి. మూడుసార్లు ఉతికినా పోవట్లేదు."

మెడపట్టీ దగ్గర అరచేయంత మేర తెల్లటి మరక. ఎండిన మజ్జిగలా అట్టకట్టింది. డిటెక్టివ్ గోరుతో గీకి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. సున్నం. ఆమె తల తిప్పి కోట గోడ వంక చూసింది. నల్లరాయి. అడుగు నుంచి అంచు దాకా నల్లరాయే.

"తల మీద కప్పినప్పుడు ఏమైనా తేడాగా అనిపించిందా?"

"నవ్వనంటే చెబుతాను."

"నేను నవ్వి చాలా ఏళ్ళయింది. చెప్పండి."

"వాడి జుట్టు ఇనప తీగల్లా బిరుసుగా ఉంది. చెయ్యి తగిలితే చురుక్కుమంది. మంచు మేడమ్. జుట్టులో మంచు గడ్డకట్టి ఉంది."

"ఈ ఎండల్లోనా?"

"అదే మాట ఇన్‌స్పెక్టర్‌గారితో అన్నాను. 'రాత్రిది ఇంకా దిగలేదా రాజావారూ' అన్నాడు. పక్కనున్న కానిస్టేబుళ్ళు పళ్ళికిలించారు. ఇక మనకెందుకని నోరు కుట్టేసుకున్నాను."

"ఆ పొద్దున పైకి వచ్చే దారిలో ఇంకేమైనా కొత్తగా కనపడిందా?"

"ఏముంటుంది... గుహ గేటుకి కొత్త తాళం, కొత్త బోర్డు. 'రాళ్ళు పడుచున్నవి, ప్రవేశము లేదు, పోలీసు శాఖ.' అక్కడే నిలబడి తిట్టుకున్నాను. గుహ మూస్తే సగం బస్సులు ఇటు తిరగవు. కడుపు మీద కొట్టారని."

"శవాన్ని చూసింది దాని తర్వాత."

"తర్వాతే కదా? గుహ దాటితేనే గదా కోట దారి."

డిటెక్టివ్ అంగీ మడిచి తన సంచిలో పెట్టుకుంది. రాజావారు నోరు తెరిచాడు. ఆమె మొహం చూసి మళ్ళీ మూసుకున్నాడు.

*

కోట గుమ్మం దగ్గర జీపు ఆగి ఉంది. ఇన్‌స్పెక్టర్ బానెట్‌కి ఆనుకుని ఎదురుచూస్తున్నాడు. ఆమెని చూడగానే టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ మర్యాదకి లోటు ఎప్పుడూ రానివ్వడు.

"బావున్నారా వదినా?"

"బావున్నాను."

"తొమ్మిదేళ్ళకి ఊళ్ళో అడుగుపెట్టారు. ఇంటికి రాకుండా లాడ్జిలో దిగారట. మీ తోటికోడలు నొచ్చుకుంది."

"పనిమీద వచ్చానని చెప్పు."

ఇన్‌స్పెక్టర్ ఆమె భర్తకి స్వయానా తమ్ముడు. ఒకప్పుడు ఇదే స్టేషన్‌లో అన్న ఇన్‌స్పెక్టర్, తమ్ముడు ఎస్సై. కొండ మీది చర్చిలో ఎప్పటిదో రాళ్ళు పొదిగిన వెండి శిలువ ఉండేది. దాన్ని చూడ్డానికే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్ళు. ఒక రాత్రి ఆ శిలువ మాయమైంది. దానితోపాటే అన్న కూడా మాయమయ్యాడు. తెల్లవారి మొదటి బస్సులో, కిటికీ పక్క సీట్లో కూర్చుని వెళ్ళిపోతుంటే కళ్ళారా చూశానని, తనకి చెయ్యి కూడా ఊపాడని, ఆపేలోపు బస్సు కదిలిపోయిందని తమ్ముడు చెప్పాడు. సొంత తమ్ముడే చెప్పాక ఇంకో సాక్ష్యం ఎవరడుగుతారు? ఊరు ఉమ్మేసింది. ఆమె ఇంటి తలుపు మీద ఎవరో బొగ్గుతో 'దొంగ' అని రాశారు. ఆమె దాన్ని కడగలేదు. అదే వారం పెట్టె సర్దుకుని కొండ దిగిపోయింది. తప్పిపోయినవాళ్ళని వెతికిపెట్టడం తర్వాత ఆమె వృత్తి అయింది. ఎందరి మొగుళ్ళనో, ఎందరి పిల్లలనో వెతికి ఇళ్ళకి చేర్చింది. తన మొగుణ్ణి మాత్రం ఒక్కరోజు కూడా వెతకలేదు. ఎప్పుడైనా ఆ ప్రస్తావన వస్తే 'ఆ మనిషి' అంటుంది, అంతే.

"గైడు కేసులో ఏముంది వదినా?" ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "తాగాడు, పడ్డాడు. వాళ్ళక్క ఏడుపు నేను అర్థం చేసుకోగలను. మీరు ఎగదోస్తే మాత్రం బావుండదు."

"గుహ ఎందుకు మూయించావు?"

"గైడు చచ్చాడని తెలిశాక, ఇంకో ప్రాణం పోకూడదని. ముందుజాగ్రత్త."

"తెలిశాకే?"

"తెలిశాకే. ముందే తెలియడానికి నేనేమన్నా జ్యోతిష్కుణ్ణా?"

"వాడు పడింది కోట మీద నుంచి. నువ్వు మూసింది గుహని."

వెనక కానిస్టేబుల్ దగ్గు నటించాడు. ఇన్‌స్పెక్టర్ అటు తిరిగి ఒక్క చూపు చూసేసరికి దగ్గు ఆగిపోయింది.

"వదినా, మీరంటే గౌరవం కాబట్టి చెబుతున్నాను. అన్నయ్య పుణ్యాన పోయిన మన ఇంటి పరువు నేను కూడగట్టుకునేసరికి ఇన్నేళ్ళు పట్టింది. మీరొచ్చి మళ్ళీ వీధిలో వెయ్యకండి. సాయంత్రం బస్సుకి వెళ్ళిపొండి. జీపులో దింపిస్తాను."

"మీ ఇంట్లో చిక్కొచ్చినప్పుడల్లా బస్సే దిక్కు కాబోలు," అందామె.

అతను టోపీ పెట్టుకుని జీపెక్కాడు. జీపు ఆమె మొహాన దుమ్ము కొట్టి వెళ్ళిపోయింది.

ఆమె దుమ్ము తుడుచుకోలేదు. ఈ వేసవిలో ఈ కొండ మీద మంచు ఉండే చోటు ఒక్కటే, ఆ గుహ. దాని గేటుకి ఇన్‌స్పెక్టర్ తాళం వేశాడు. శవం దొరకకముందే వేశాడు. దొరికాక వేశానని తన మొహం మీదే అబద్ధం చెప్పాడు. ఎందుకు చెప్పాడో ఇంకా అంతుపట్టలేదు. లంచమో, ఎవరినో కాపాడటమో అయివుంటుందనుకుంది. మరిది చిల్లర మనిషని ఆమెకి మొదట్నుంచీ అభిప్రాయం. అంతకు మించి ఊహించలేదు.

*

చర్చి కోటకంటే పాతది. ఎవరో సన్యాసి కింద గుహలో ఉండి తపస్సు చేశాడని, ఆయన పోయాక గుహ నెత్తిన చర్చి కట్టారని గైడు యాత్రికులకి చెప్పేవాడు. "కోట చూడకపోతే కళ్ళకి నష్టం, చర్చి చూడకపోతే మనసుకి నష్టం, మంచు గుహ చూడకపోతే మీరిచ్చిన టికెట్టుకి నష్టం" అనేవాడు. జనం నవ్వేవాళ్ళు. ఆ మాటలన్నీ గైడు అక్క దారి పొడుగునా అప్పజెప్పింది. చర్చి దాకా నేనూ వస్తానని పట్టుబట్టి వచ్చింది. తమ్ముడి మాటలు చెబుతున్నంతసేపూ తమ్ముడు బతికున్నట్టే ఉంది ఆవిడకి.

ఫాదర్‌కి బాగా వయసు మళ్ళింది. డిటెక్టివ్‌ని చూడగానే గుర్తుపట్టి చూపు తిప్పుకున్నాడు. తొమ్మిదేళ్ళ కిందట ఇదే చర్చిలో, ఇదే వేదిక మీద నిలబడి, ఆమె భర్తని పేరు పెట్టి శపించాడు ఆయన.

"పోయిన రోజు గైడు ఇక్కడికి వచ్చాడా ఫాదర్?"

"రోజూ వస్తాడు కదమ్మా. యాత్రికుల్ని తీసుకుని."

"యాత్రికులు వెళ్ళిపోయాక?"

ఫాదర్ కొవ్వొత్తుల పళ్ళెం అటూ ఇటూ జరిపాడు.

"మీరు చెప్పకపోతే తాగి చచ్చాడన్న మాటే మిగిలిపోతుంది," అంది డిటెక్టివ్. "ఈవిడ వాడి అక్క. ఈవిడ మొహం చూసి చెప్పండి ఏమీ జరగలేదని."

గైడు అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఫాదర్ ఆవిడ వంక చూసి బల్ల మీద కూర్చున్నాడు.

"మళ్ళీ వచ్చాడు. ఈ నేలకింది మెట్ల దారిన, గుహలోంచి పైకి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. 'ఫాదర్, మనమందరం ఒక మనిషికి చాలా అన్యాయం చేశాం' అన్నాడు. ఎవరికిరా అంటే, 'ముందు పోలీసులకి చెప్పాలి, తర్వాత ఆవిడకి చెప్పాలి' అన్నాడు. ఇక్కడి ఫోనే తీసుకుని స్టేషన్‌కి చేశాడు. ఇన్‌స్పెక్టర్‌గారికి తప్ప ఇంకెవరికీ చెప్పనన్నాడు. తర్వాత బయట మెట్ల మీద కూర్చున్నాడు. నేను ప్రార్థనకి లోపలికి వెళ్ళాను. వచ్చి చూస్తే లేడు."

"ఏ ఆవిడ?" అంది గైడు అక్క. "మావాడికి ఏ ఆవిడా లేదే!"

"నేనడగలేదమ్మా."

"ఆ ఫోన్ సంగతి పోలీసుల కాగితాల్లో ఎక్కడా లేదు," అంది డిటెక్టివ్.

"లేదని నాకూ తెలుసు. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు వచ్చి ఈ మెట్ల తలుపు తాళంచెవి అడిగాడు. గైడు ఫోన్ చేశాడని మాటవరసకైనా అనలేదు. అప్పుడు నాకు భయమేసింది. తాళంచెవి పోయిందన్నాను. ఈ వయసులో, ఈ బట్టల్లో అబద్ధమాడాను." ఫాదర్ మెడలోని దారం పైకి లాగాడు. చివర పొడుగాటి ఇనప తాళంచెవి వేలాడుతోంది. "మోకాళ్ళు పట్టేశాయి, నేను దిగలేను. తలుపు దగ్గర కాపలా ఉంటాను. మీరు వెళ్ళండి."

*

రాతిమెట్లు మెలికలు తిరుగుతూ కిందికి పోయాయి. మెట్టు మెట్టుకీ చలి కాళ్ళ మీదుగా పైకి పాకింది. చివరి మలుపు దగ్గర గైడు అక్క ఆగిపోయింది.

"వాడు పోయింది ఇక్కడేనా అమ్మా?"

"ఇక్కడే అనుకుంటున్నాను."

"అయితే నేను రాలేను. కాసేపు ఇక్కడే కూర్చుంటాను." ఆవిడ చీకట్లోనే మెట్టు మీద చతికిలబడింది.

డిటెక్టివ్ టార్చి పట్టుకుని ఒక్కతే ముందుకు వెళ్ళింది. ఎత్తైన కప్పు నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు. బొట్టు పడ్డ చోటల్లా తెల్లగా సున్నం పేరుకుంది. అంగీ మీది మరక ఇక్కడిదే. యాత్రికులు నడవడానికి వేసిన చెక్కబాట గుహ మధ్యలో మంచు బావి చుట్టూ తిరుగుతుంది. ఏ కాలంలోనూ కరగని మంచు నిండిన గొయ్యి అది. దాన్ని చూడ్డానికే జనం టికెట్టు కొంటారు. ఒకప్పుడు మంచు బాట అంచుదాకా ఉండేది. ఇప్పుడు నిలువెత్తు కిందికి దిగిపోయింది. ఏటికేడాది ఎండలు పెరుగుతున్నాయని ఫాదర్ మెట్ల తలుపు తీస్తూ అన్నది నిజమే.

ఒక చోట బాట అంచున కొయ్య కంచె విరిగి ఉంది. విరిగిన కొయ్య మొన మీద వెంట్రుకలు నాలుగు అతుక్కుని ఉన్నాయి. చుట్టూ చెక్కలు కడిగిన జాడ. కడిగినవాడికి కొయ్య మొన కనపడలేదు. గైడు తల తగిలింది ఇక్కడ. పడి రాత్రంతా ఉన్నది కింద మంచులో. తెల్లవారకముందే ఎవరో పైకి లాగి, జీపులో కోట దాకా తీసుకుపోయి, గోడ కింద పారేశారు. కోట దాకా పోయే వాహనాలు ఈ ఊళ్ళో ఎన్ని ఉన్నాయి గనక?

విరిగిన చోటు నుంచి బావిలోకి తాడు నిచ్చెన వేలాడుతోంది. కొత్త తాడు. అడుగున గునపం, గొడ్డలి, రెండు ఖాళీ గోతాలు, తవ్విపోసిన మంచుపెళ్ళలు. శవాన్ని తీసేశాక కూడా ఎవరో రోజూ వచ్చి ఇక్కడ తవ్వుతున్నారు. దేనికోసం?

ఆమె నిచ్చెన దిగింది. తవ్విన గుంట మీద పొగలా పట్టిన మంచు నూగుని చేత్తో తుడిచి టార్చి వేసింది.

మంచు లోపల్నుంచి ఒక మనిషి ఆమె వంక చూస్తున్నాడు.

కనురెప్పలు సగం వాలి ఉన్నాయి. పెదవి పక్కన గడ్డం గీసుకునేటప్పుడు ఎప్పుడూ తెగే చోట చిన్న గాటు. ఖాకీ చొక్కా కాలరు. నుదుటి మీద నల్లటి దెబ్బ. కుడిచెయ్యి పైకి చాచి ఉంది, ఎవరైనా అందుకుంటారేమో అన్నట్టు. జుట్టులో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. తొమ్మిదేళ్ళుగా ఆయనకి వయసు రాలేదు. ఇప్పుడు ఆయనకంటే ఆమే పెద్దది.

ఆమె అరవలేదు. ఏడవలేదు. టార్చిని రెండు చేతుల్తో పట్టుకుంది. బుర్ర ఎప్పట్లాగే పనిచేసుకుంటూ పోయింది. దాని మీద ఆమెకి అసహ్యం వేసింది. ఈయన ఇక్కడే ఉన్నాడు. మరి బస్సెక్కింది ఎవరు? ఎవరూ ఎక్కలేదు. బస్సెక్కాడని చెప్పిన మనిషి ఒక్కడే, మరిది.

గైడు చెప్పాలనుకున్న 'ఆవిడ' ఎవరో కూడా అప్పుడు అర్థమైంది.

*

దూరంగా ఇనప గేటు కిర్రుమంది. బూట్ల చప్పుడు చెక్కబాట మీదుగా తిన్నగా వచ్చి బావి అంచున ఆగింది. ఇన్‌స్పెక్టర్ చేతిలో పెద్ద లాంతరు. ఒంటి మీద యూనిఫాం లేదు, పనివాడిలా పాత బనీను. వెలుగు ఆమె మీద పడింది.

"ముసలాడి దగ్గరే ఉందన్నమాట తాళంచెవి," అన్నాడు.

"ఏ సీట్లో కూర్చున్నారు మీ అన్నయ్య?" అందామె తలెత్తకుండా. "కిటికీ పక్కనా?"

"వదినా..."

"నీకు చెయ్యి ఊపారన్నావు. ఏ చెయ్యి? ఇదేనా?"

అతను లాంతరు పక్కన పెట్టి అంచున గొంతుక్కూర్చున్నాడు. 'మీరు' అనడం అక్కడితో ఆగిపోయింది.

"నేను తొయ్యలేదు. నమ్మితే నమ్ము. శిలువ నేనే తీశాను, ఇక్కడ దాచాను. అన్నయ్య పసిగట్టి వెనకే వచ్చాడు. ఇమ్మన్నాడు. పెనుగులాటలో కాలు జారాడు. పిలిచాడు. పైకి లాగితే మొదట నాకే బేడీలు వేస్తాడు. ఆయన సంగతి నీకు తెలుసుగా."

"ఎంతసేపు పిలిచారు?"

అతను మంచు వంక చూడకుండా లాంతరు వత్తి సరిచేశాడు.

"మరి గైడు?"

"వాడు పిచ్చివాడు వదినా. 'మీ అన్నగారు దొంగ కాదు సార్, ఇక్కడే ఉన్నారు సార్' అని నా జీపుకి ఎదురు పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. నేను సంతోషిస్తాననుకున్నాడు." అతను మొహం తుడుచుకున్నాడు. "వాణ్ణి మాత్రం నేనే తోశాను."

కప్పు నుంచి బొట్లు పడుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగాడు.

"జరిగింది జరిగిపోయింది. ఇప్పుడు నీకు మేలు జరిగే మాట చెబుతాను, విను. రేపు నేనే బయటపెడతాను. దొంగని వెంబడిస్తూ ప్రాణాలిచ్చిన ఇన్‌స్పెక్టర్. బస్సులో చూసింది వేరే ఎవరినో, పొరబడ్డానంటాను. జెండా కప్పుతారు, తుపాకులు పేలుస్తారు. నీ తలుపు మీద బొగ్గుతో రాసినవాళ్ళే వచ్చి నీ కాళ్ళకి దణ్ణం పెడతారు. గైడు మాత్రం కోట మీద నుంచే పడ్డాడు. ఆ ఒక్క మాటకి నువ్వు అడ్డం రాకపోతే చాలు."

ఒక్క క్షణం ఆమె మనసు ఊగింది. జెండా కప్పిన పెట్టె కళ్ళముందు కదిలింది. ఆ ఊగినందుకు ఆమె తనని తాను ఎన్నటికీ క్షమించుకోదు.

"వాడికీ ఒక ఇల్లుంది," అంది. "మావాడు తాగుబోతు కాదని వాళ్ళక్క ఇంటింటికీ తిరిగి చెప్పుకోవాలా? నీ అబద్ధం తిని నేను బతికింది చాలదా? ఇంకో ఆడదానికి కూడా వడ్డిస్తావా?"

"వాళ్ళక్కకి తెలిస్తేగా!"

"తెలిసింది."

ఆ మాట మెట్ల వైపు నుంచి వచ్చింది. గైడు అక్క గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టర్ అదిరిపడి లేచాడు. చెయ్యి నడుము దగ్గరికి పోయింది. బనీను మీద తుపాకీ లేదు. జీపులో ఉండిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళనీ మార్చి మార్చి చూశాడు. పైన మెట్ల తలుపు దగ్గర ఫాదర్ ఉన్నాడన్న సంగతి కూడా గుర్తొచ్చినట్టుంది. మెల్లగా నవ్వాడు. ఆ నవ్వు చూసి డిటెక్టివ్‌కి మొదటిసారి భయం వేసింది.

"సరే. అయితే ఇలా చేద్దాం. అన్నయ్య కనపడకుండా పోయిన రోజు బస్టాండులో నువ్వేమని అరిచావు వదినా? 'వాడు నా కంటబడితే నా చేతుల్తోనే చంపుతాను' అన్నావు. ఊరు ఊరంతా విన్నది. ఇదిగో, శవం. నుదుటి మీద దెబ్బ. చంపింది నువ్వే, కప్పిపుచ్చుకోడానికి కేకలు పెట్టావు. గైడు కనిపెట్టాడు, వాణ్ణీ చంపావు."

"మావాడు పోయిన రోజు ఈవిడ ఊళ్ళోనే లేదు!" అంది గైడు అక్క.

"మరెక్కడుంది? పట్నంలో, తన ఇంట్లో. ఒక్కతే. అవునా వదినా? ఎవరినీ గడప తొక్కనివ్వని దానివి, నీకు సాక్షి ఎవరుంటారు?" అతను లాంతరు అందుకుని గైడు అక్క వైపు తిరిగాడు. "నువ్వు ఈవిడకి డబ్బులిచ్చి పిలిపించుకున్నదానివి, నీ మాట ఎవడు వింటాడు? నా వెనక స్టేషనంతా ఉంది."

వెనక్కి తిరిగి నడిచాడు. గేటు పడింది, తాళం పడింది. కటకటాల అవతల నిలబడి వైర్‌లెస్‌లో మాట్లాడటం ఇద్దరికీ వినపడింది. "అన్నయ్య దొరికాడయ్యా... చంపేశారు. మా వదినే... రండి, అందరూ రండి." గొంతు పగిలిపోతోంది. ఆ ఏడుపు నిజమైన ఏడుపే. అదే ఘోరంగా ఉంది.

గైడు అక్క బావి అంచుకి పరుగెత్తుకొచ్చింది. "పైకి రండమ్మా! మెట్ల మీదుగా వెళ్ళిపోదాం. వాళ్ళొచ్చేలోగా..."

"నేను వెళితే పారిపోయినదాన్నవుతాను. ఈ మంచు వాడి చేతికి చిక్కుతుంది. ఆ కొయ్య మీది వెంట్రుకలు కూడా మిగలవు." డిటెక్టివ్ సంచి పైకి విసిరింది. "ఇందులో మీ తమ్ముడి మీద కప్పిన గుడ్డ ఉంది, ఫాదర్‌కి ఇవ్వండి. గంట కొట్టమనండి. ఆపకుండా కొట్టమనండి. లాడ్జీల్లో ఉన్నవాళ్ళు, కోట చూసేవాళ్ళు, రాజావారు, అందరినీ ఈ మెట్ల మీదుగా కిందికి తీసుకురండి. పోలీసులకంటే ముందు ఊరు చూడాలి. పరుగెత్తండి."

ఆవిడ అడుగుల చప్పుడు మెట్ల మీదికి పోయి మాయమైంది.

టార్చి వెలుగు పసుపెక్కుతోంది. డిటెక్టివ్ మంచు మీద చతికిలబడి, చాచి ఉన్న ఆ చేతికి ఎదురుగా, మంచు మీద తన అరచెయ్యి ఆనించింది. వేళ్ళు మొద్దుబారిపోయేదాకా తియ్యలేదు. చెప్పుకోవాల్సిన మాటలు తొమ్మిదేళ్ళవి ఉన్నాయి. ఏది ముందో తెలియలేదు.

"ఏమండీ," అంది.

నెత్తిన చర్చి గంట మోగడం మొదలైంది. దాని మీదుగా, గేటు అవతల, ఒకదాని వెనక ఒకటి జీపులు వచ్చి ఆగాయి.